బలమైన హోమ్‌బ్రూ బీర్‌ను బాటిల్‌లో నింపే ముందు ఏజింగ్ చేయడం: సమగ్ర మార్గదర్శి

పులియడం ఆగిన కొత్తలో 10 శాతం ఆల్కహాల్ ఉన్న బార్లీవైన్‌ని గ్లాసులో పోసుకుని చూస్తే ఏ రుచికి ఆ రుచి విడిగా తగులుతుంది. ముందు ఆల్కహాల్ మంట, ఆ వెంటనే ముతక చేదు, ఎక్కడో చివర్లో మాల్ట్ తీపి. అదే బీర్‌ని ఆరేడు నెలలు జాగ్రత్తగా ఉంచితే మంట తగ్గుతుంది, చేదు మెత్తబడుతుంది, టాఫీ, ఎండుద్రాక్ష, కాల్చిన బ్రెడ్ లాంటి రుచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బలమైన బీర్ కాచేవాళ్లు అన్ని నెలలు ఆగేది ఇందుకే.

అయితే ఊరికే ఆగితే చాలదు. ఆ నెలలన్నీ ఆక్సిజన్ బీర్ దగ్గరికి రాకుండా చూడాలి. కింద చెప్పే పనుల్లో చాలావరకు దానికోసమే. రెసిపీ ఎంత గొప్పదైనా, ఈస్ట్ ఎంత మంచిదైనా, బిరడా పక్కనుంచి రోజూ కాస్త గాలి లోపలికి పోతుంటే ఆరు నెలల తర్వాత చేతికొచ్చేది తడిసిన అట్ట వాసన వేసే బీరే.

ఇక్కడ చెప్పేది బల్క్ ఏజింగ్ గురించి. అంటే మొత్తం బ్యాచ్‌ని ఒకే పాత్రలో ఉంచి, సిద్ధమయ్యాక బాటిళ్లలో నింపడం. ఇందులో పెద్ద లాభం ఏమిటంటే బీర్ అంతా ఒకేలా మారుతుంది. మడ్డి అంతా ఒకే చోట అడుక్కి చేరుతుంది. ఓక్ చెక్క ముక్కలు వేయాలన్నా, ఇంకో బ్యాచ్‌తో కలపాలన్నా నిర్ణయం చివరిదాకా మీ చేతిలోనే ఉంటుంది. బాటిల్‌లో నింపేశాక ఇవేవీ కుదరవు. కానీ బాటిల్ ఏజింగ్‌కి కూడా ఒక బలం ఉంది: ప్రైమింగ్ షుగర్ (గ్యాస్ పుట్టడానికి నింపేటప్పుడు కలిపే చక్కెర) తిని మేల్కొన్న ఈస్ట్, నింపేటప్పుడు లోపలికి వెళ్లిన ఆక్సిజన్‌లో కొంత తానే వాడేసుకుంటుంది. కాబట్టి మీ దగ్గర కెగ్ (మూత బిగించే స్టీల్ పీపా) గానీ, నిండుగా సరిపోయే గాజు పాత్ర గానీ లేకపోతే నెలా నెలన్నరలో బాటిళ్లలో నింపేసి అక్కడే ఏజింగ్ చేయండి. సగం నిండిన ప్లాస్టిక్ బకెట్‌లో ఆరు నెలలు ఉంచడం కన్నా అది ఎంతో నయం.

ఏ బీర్‌ని ఆపాలి, ఎన్నాళ్లు

బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్, ఓల్డ్ ఏల్, వీ హెవీ, బెల్జియన్ క్వాడ్, డోపెల్‌బాక్, బాల్టిక్ పోర్టర్. వీటిలో ఆల్కహాల్ ఎక్కువ, మాల్ట్ ఎక్కువ. ఆ రెండూ కాలాన్ని తట్టుకుంటాయి. ముదురు మాల్ట్‌లు ఉన్న బీర్‌లో కాస్త ఆక్సిడేషన్ జరిగినా అది షెర్రీ, ఎండుపండ్ల రుచిగా కలిసిపోతుంది. లేత రంగు బీర్‌లో అదే ఆక్సిడేషన్ తేనె, కాగితం వాసనగా బయటపడుతుంది.

బలమైన బీర్ అయినంత మాత్రాన ఆపాలని లేదు. డబుల్ ఐపీఏ 9 శాతం ఉన్నా సరే, త్వరగా తాగాల్సిందే. దాని ప్రాణం హాప్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పువ్వు) సువాసన, వారాలు గడిచేకొద్దీ ఎగిరిపోయేది మొదట అదే. వైజెన్‌బాక్ కూడా అంతే. అరటిపండు వాసన ఇచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్ నిల్వలో క్రమంగా విడిపోయి తగ్గిపోతుంది.

కాలం విషయానికొస్తే 7, 8 శాతం బీర్‌కి ఒకటి నుంచి మూడు నెలలు, 8 నుంచి 10 శాతానికి మూడు నుంచి ఆరు నెలలు, అంతకు మించితే ఆరు నెలల నుంచి ఏడాది అనుకోండి. డోపెల్‌బాక్ లాంటి లాగర్లు 0 నుంచి 4 డిగ్రీల చలిలో రెండు మూడు నెలల్లో చక్కగా తేరుకుంటాయి. ఇవన్నీ ప్లాన్ వేసుకోవడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. ఎప్పుడు నింపాలో చెప్పేది క్యాలెండర్ కాదు, నాలుక.

ఆ నెలల్లో లోపల జరిగేది

ఇది తెలిస్తే ఏజింగ్ దేన్ని బాగుచేస్తుందో, దేన్ని చేయలేదో తెలుస్తుంది.

మాల్ట్ పొట్టు నుంచి, హాప్స్ నుంచి వచ్చిన పాలీఫెనాల్స్ ప్రోటీన్లతో కలిసి బరువెక్కి అడుక్కి దిగుతాయి. దాంతో వగరు తగ్గుతుంది. చేదునిచ్చే ఐసో ఆల్ఫా ఆమ్లాలు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. వాటిలో ట్రాన్స్ రూపం ముందు పోతుంది, సిస్ రూపం ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే ఏడాది ఆపాలనుకున్న బార్లీవైన్‌లో మొదట్లో చేదు కొంచెం ఎక్కువైనట్టు అనిపించినా పరవాలేదు. ఆల్కహాల్, ఆమ్లాలు కలిసి చాలా నెమ్మదిగా కొత్త ఎస్టర్లు ఏర్పడతాయి, కొన్ని పాత ఎస్టర్లు విడిపోతాయి. ఇంపీరియల్ స్టౌట్‌లో రోస్ట్ మాల్ట్ ఇచ్చే మాడు ఘాటు కూడా మెత్తబడుతుంది.

ఇక బాగుపడనివి. ఫర్మెంటేషన్‌లో వేడి ఎక్కువై పుట్టిన ఫ్యూజల్ ఆల్కహాల్స్ ఎక్కడికీ పోవు. చుట్టూ ఉన్న రుచులు గుండ్రబడటంతో మంట కాస్త తక్కువగా తెలుస్తుందేమో గానీ, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వచ్చే బీర్‌ని రెండేళ్లు ఆపినా మంచి బీర్ కాదు. సూక్ష్మజీవుల వల్ల వచ్చిన పులుపు కూడా కాలంతో పెరుగుతుందే తప్ప తగ్గదు. "కొన్నాళ్లు ఉంచితే అదే సర్దుకుంటుంది" అన్న సలహా పచ్చి రుచులకే వర్తిస్తుంది, పాడైన రుచులకు కాదు.

మొదటి మెట్టు: ఆపడానికి తగ్గ బీర్ తయారు చేయడం

ఏజింగ్ నిజానికి ఈస్ట్ వేసిన రోజే మొదలవుతుంది. ఓజీ (ఒరిజినల్ గ్రావిటీ, అంటే పులియకముందు సాంద్రత) 1.080 దాటిన వోర్ట్‌లో (ఇంకా పులియని తియ్యటి మాల్ట్ ద్రవంలో) మామూలు మోతాదు ఈస్ట్ సరిపోదు. 19 లీటర్ల 1.100 వోర్ట్‌కి 11 గ్రాముల డ్రై ఈస్ట్ ప్యాకెట్లు రెండు మూడు వేయండి. లిక్విడ్ ఈస్ట్ అయితే పెద్ద స్టార్టర్ (ముందుగా కొద్ది వోర్ట్‌లో పెంచిన ఈస్ట్) తప్పదు. ఇంకో మంచి పద్ధతి ఉంది: ముందు 5 శాతం లోపు ఉండే చిన్న బీర్ ఒకటి కాచి, దాని అడుగున మిగిలిన ఈస్ట్‌ని పెద్ద బీర్‌కి వాడటం. ఆరోగ్యంగా ఉన్న ఈస్ట్ ఇంత పెద్ద మొత్తంలో ఇంకెలాగూ దొరకదు.

ఈస్ట్ వేసే సమయంలో వోర్ట్‌కి ఆక్సిజన్ బాగా పట్టించండి. 1.090 పైన ఉన్న బీర్లకు 12 నుంచి 18 గంటల లోపు రెండోసారి కూడా ఇవ్వడం మేలు చేస్తుంది. ఈ బీర్ జీవితంలో ఆక్సిజన్ అవసరమయ్యేది ఇక్కడే. ఆ తర్వాత ఒక్క బుడగ కూడా వద్దు.

మొదటి మూడు రోజుల ఉష్ణోగ్రతే మంట ఉంటుందా లేదా అన్నది తేలుస్తుంది. మామూలు ఏల్ ఈస్ట్‌లను 17, 18 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, నురగ జోరు తగ్గాక నెమ్మదిగా 21, 22 దాకా పెంచండి. బలమైన బీర్ పులిసేటప్పుడు సొంతంగా చాలా వేడి పుట్టిస్తుంది కాబట్టి గది ఉష్ణోగ్రత కాదు, ఫర్మెంటర్‌కి అంటించిన థర్మామీటర్ చూడండి.

రెండో మెట్టు: పులియడం నిజంగా పూర్తయిందా

ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని నీటి మూత) బుడగలు ఆగాయంటే పూర్తయిందని అర్థం కాదు. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో చూడండి, వారం తర్వాత మళ్లీ చూడండి. రెండు రీడింగులూ ఒకటే ఉండాలి. నమూనాలోని గ్యాస్ పోయేలా బాగా కలిపి, ఉష్ణోగ్రతకు తగ్గట్టు సరిచేసి చదవాలి. కాంతి వంపుతో షుగర్ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని ఇక్కడ నేరుగా నమ్మకండి, ఆల్కహాల్ ఉన్న ద్రవంలో అది తప్పు అంకె చూపిస్తుంది.

ఉదాహరణకు ఓజీ 1.100, ఎఫ్‌జీ (ఫైనల్ గ్రావిటీ, పులిశాక సాంద్రత) 1.024 అయితే తేడా 0.076. దాన్ని 131.25తో గుణిస్తే దాదాపు 10 శాతం ఆల్కహాల్. షుగర్‌లో 76 శాతం ఖర్చయినట్టు లెక్క, ఇది ఈ తరహా బీర్‌కి ఆరోగ్యకరమైన అంకె. అదే 1.040 దగ్గర ఆగిపోతే ఈస్ట్ అలిసిపోయిందా, లేక మ్యాష్‌లోనే (మాల్ట్‌ని వేడి నీళ్లలో నానబెట్టే దశలోనే) పులియని షుగర్లు ఎక్కువ తయారయ్యాయా అన్నది తేల్చుకోవాలి. దానికి ఫోర్స్‌డ్ ఫర్మెంటేషన్ టెస్ట్ ఉంది. ఒక గ్లాసు బీర్ తీసి, అందులో మోతాదుకు చాలా మించి తాజా ఈస్ట్ వేసి, 25 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజులు అప్పుడప్పుడు కలుపుతూ ఉంచండి. అక్కడ కూడా గ్రావిటీ తగ్గకపోతే ఇక తగ్గేదేమీ లేదు. తగ్గితే మాత్రం బ్యాచ్‌లో ఇంకా పులియగల షుగర్ మిగిలి ఉందన్నమాట. చురుగ్గా ఉన్న ఈస్ట్‌ని కొత్తగా వేసి ఆ పని ముగించాకే ముందుకెళ్లండి. ఈ టెస్ట్‌కి పెద్ద శ్రమ లేదు, బలమైన బీర్ ప్రతిసారీ చేయాల్సిందే అని నా అభిప్రాయం. ఒక్క గ్రావిటీ పాయింట్ (0.001) బాటిల్‌లో పులిస్తే దాదాపు అర వాల్యూమ్ (బీర్ పరిమాణంలో సగమంత) కార్బన్ డయాక్సైడ్ అదనంగా పుడుతుంది. అలాంటి పాయింట్లు నాలుగు మిగిలాయంటే బాటిళ్లు పగిలే ప్రమాదం ఉంది.

వెన్న వాసన ఇచ్చే డైఅసిటైల్ కోసం ఇంకో చిన్న పరీక్ష చేయండి. రెండు గ్లాసుల్లో బీర్ తీసి మూతలు పెట్టి, ఒకదాన్ని 60 నుంచి 65 డిగ్రీల వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. చల్లార్చి రెండింటినీ వాసన చూడండి. వేడి చేసినదానిలో వెన్న వాసన వస్తే ఈస్ట్ పని ఇంకా మిగిలే ఉంది. పచ్చి ఆపిల్ వాసన వచ్చినా అంతే. ఇంకో వారం రెండు వారాలు 21 డిగ్రీల దగ్గర ఈస్ట్ మీదే వదిలేయండి. బలమైన బీర్‌కి మొదటి పాత్రలో మూడు నాలుగు వారాలు మామూలే, తొందరపడాల్సిన అవసరం లేదు.

మూడో మెట్టు: పాత్ర ఎంచుకోవడం

నన్నడిగితే 19 లీటర్ల స్టెయిన్‌లెస్ కార్నీ కెగ్‌ని మించింది లేదు. గోడల్లోంచి గాలి చొరబడదు, వెలుతురు పడదు, పగలదు. లోపలి గాలిని పూర్తిగా తోసేయొచ్చు. రుచి చూడాలనుకున్నప్పుడు మూత తీయకుండానే ట్యాప్ నుంచి కాస్త తీసుకోవచ్చు, తీసిన మేర కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది. బీర్ నింపాక ఒకసారి 1 బార్ దాకా గ్యాస్ పెట్టి మూతను గట్టిగా కూర్చోబెట్టండి, సబ్బు నురగ రాసి లీకులు చూడండి. లీకయ్యే రబ్బర్ రింగ్ ఒక్కటి చాలు ఆరు నెలల కష్టం పాడవడానికి.

గాజు కార్బాయ్ (సన్నటి మెడ ఉన్న పెద్ద సీసా) రెండో స్థానం. గాజులోంచి ఆక్సిజన్ రాదు, కానీ బిరడా, ఎయిర్‌లాక్ దగ్గర కొంచెం వస్తుంది. మెడ పట్టుకుని ఎత్తకండి, వేడి నీళ్లు పోయకండి. పగిలిన కార్బాయ్ ముక్కలు చాలా లోతుగా కోస్తాయి. పెట్ ప్లాస్టిక్ కార్బాయ్‌లు రెండు మూడు నెలలకు ఫరవాలేదు. మామూలు ప్లాస్టిక్ బకెట్ల గోడల్లోంచీ, మూత అంచుల్లోంచీ ఆక్సిజన్ నిదానంగా లోపలికి పోతూనే ఉంటుంది, వాటిని దీర్ఘకాలానికి వాడొద్దు.

చిన్న చెక్క బ్యారెల్స్ చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ వాటి లెక్క వేరు. పాత్ర చిన్నదయ్యేకొద్దీ ప్రతి లీటరు బీర్‌కీ తగిలే చెక్క ఎక్కువవుతుంది. పది ఇరవై లీటర్ల కొత్త బ్యారెల్‌లో కొన్ని వారాల్లోనే బీర్‌లో చెక్క రుచి తప్ప ఇంకేమీ మిగలదు. పైగా చెక్కలోంచి ఆవిరైపోయే భాగం, లోపలికి వచ్చే గాలి కూడా అదే లెక్కన పెరుగుతాయి. మొదటిసారి ఏజింగ్ చేసేవాళ్లు కెగ్‌లో ఓక్ ముక్కలు వేసుకోవడం మంచిది.

నాలుగో మెట్టు: ర్యాకింగ్

మొదటి పాత్రలోని మడ్డి మీద నుంచి బీర్‌ని ఏజింగ్ పాత్రలోకి మార్చడమే ర్యాకింగ్. నెలల తరబడి అడుగున పడి ఉన్న ఈస్ట్ కణాలు చనిపోయి విచ్చుకుంటే సోయా సాస్, మాంసం ఉడకబెట్టిన నీళ్ల లాంటి రుచి దిగుతుంది. ఇంట్లో కాచే చిన్న పరిమాణాల్లో నెలలోపు ఈ భయం అంతగా లేదు, ఆరు నెలలకు మాత్రం ఉంది.

పాత్ర, గొట్టం, సైఫన్, బిరడా అన్నీ ముందు బాగా కడిగి, ఆ తర్వాతే శానిటైజర్ పట్టించండి. మురికి మీద శానిటైజర్ పని చేయదు. స్టార్ శాన్ లాంటి ఆమ్ల శానిటైజర్‌ని లీటరు నీటికి దాదాపు 1.5 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, రెండు నిమిషాలు తడిగా ఉంచితే చాలు. మళ్లీ కడగనక్కర్లేదు, నురగ మిగిలినా బీర్‌కి ఏమీ కాదు.

ఇప్పుడు గాలి సంగతి. 19 లీటర్ల బీర్ పైన ఒక్క లీటరు ఖాళీలో మామూలు గాలి ఉందనుకోండి. అందులో దాదాపు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదంతా బీర్‌లోకి దిగితే లీటరుకు 15 మిల్లీగ్రాములు. పెద్ద బ్రూవరీలు ప్యాకింగ్‌లో లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకుండా చూసుకోవడానికి తంటాలు పడతాయి. ఒక్క లీటరు ఖాళీ ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

కెగ్ అయితే శానిటైజర్‌తో అంచుదాకా నింపి, మూత బిగించి, ఆ ద్రవాన్నంతా కార్బన్ డయాక్సైడ్‌తో బయటికి తోసేయండి. లోపల మిగిలేది దాదాపు పూర్తిగా ఆ గ్యాసే. గాజు పాత్రలో ఇలా చేయలేం, అడుగుదాకా గొట్టం పెట్టి కొన్ని నిమిషాలు గ్యాస్ వదలడమే మార్గం. బరువైన గ్యాస్ కాబట్టి దుప్పటిలా బీర్ మీద పరుచుకుని కాపాడుతుందని చాలామంది నమ్ముతారు. వాయువులు కొద్దిసేపట్లోనే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కాబట్టి ఆ నమ్మకంతో ఖాళీ వదలకండి.

సైఫన్ గొట్టం చివర కొత్త పాత్ర అడుగున ఆనించి, చప్పుడు కాకుండా, చిలకకుండా నింపండి. అడుగున మడ్డికి పైన ఉన్న చివరి రెండు సెంటీమీటర్ల బీర్‌ని వదిలేయడానికి వెనుకాడకండి. కార్బాయ్‌లో బీర్ మెడలోకి రావాలి, బిరడాకి రెండు మూడు సెంటీమీటర్ల కిందిదాకా. అందుకే 19 లీటర్ల పాత్ర నింపాలంటే ఫర్మెంటర్‌లో 21, 22 లీటర్లు కాచుకోవాలి. మిగిలిన బీర్‌ని చిన్న సీసాలో ఎయిర్‌లాక్‌తో ఉంచితే తర్వాత తగ్గినప్పుడు పోసుకోవడానికి పనికొస్తుంది. బీర్ తక్కువై ఖాళీ మిగిలితే శానిటైజ్ చేసిన గాజు గోళీలు వేసి మట్టం పైకి తేవచ్చు. నీళ్లు మాత్రం పోయకండి.

ఈస్ట్ ఇంకా చురుగ్గా ఉన్నప్పుడే ర్యాకింగ్ చేస్తున్నట్లయితే 30 గ్రాముల చక్కెరను కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి కలపండి. అది పులిసి ఆరేడు లీటర్లకు పైగా గ్యాస్ పుడుతుంది. పైన మిగిలిన గాలిని అది చాలావరకు బయటికి నెడుతుంది, మారుస్తున్నప్పుడు బీర్‌లో కలిసిన ఆక్సిజన్‌ని ఈస్ట్ తినేస్తుంది.

ఐదో మెట్టు: చోటు

ఏల్స్‌కి 10 నుంచి 15 డిగ్రీలు బాగుంటుంది. అంతకన్నా ముఖ్యం అది నిలకడగా ఉండటం. పగలూ రాత్రీ ఐదారు డిగ్రీలు ఊగే చోట కార్బాయ్ ఊపిరి పీల్చి వదిలినట్టే అవుతుంది. చల్లబడినప్పుడల్లా లోపలి గ్యాస్ కుంచించుకుని బయటి గాలిని లాక్కుంటుంది. సీల్ చేసిన కెగ్‌కి ఈ బాధ లేదు. వేడి పెరిగితే ఆక్సిడేషన్ వేగం కూడా పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపని మోటు లెక్క. చల్లని చోటు దొరక్కపోతే ఆపే కాలాన్ని తగ్గించుకోండి.

ఎయిర్‌లాక్‌లో నీళ్లకు బదులు వోడ్కా గానీ శానిటైజర్ గానీ పోయండి, ఒకవేళ లోపలికి పీల్చుకున్నా నష్టం ఉండదు. ఎస్ ఆకారపు ఎయిర్‌లాక్ మూడు ముక్కలదాని కన్నా మేలు, గాలి వెనక్కి వచ్చినా అందులోని ద్రవం బీర్‌లో పడదు. ఏజింగ్ పాడవడానికి నాకు తెలిసినంతలో అతి మామూలు కారణం ఎండిపోయిన ఎయిర్‌లాక్. ఫోన్‌లో రెండు వారాలకోసారి రిమైండర్ పెట్టుకోండి.

గాజు పాత్రని నల్లటి గుడ్డతో కప్పేయండి. వెలుతురు తగిలితే హాప్ చేదు పదార్థాలు విరిగి కుళ్లు వాసన వచ్చే గంధక సమ్మేళనం తయారవుతుంది, దానికి కొన్ని నిమిషాల ఎండ చాలు.

ఆరో మెట్టు: రుచి చూడటం, గమనించడం

నెలకోసారి కన్నా ఎక్కువ రుచి చూడకండి. కార్బాయ్‌లో తీసిన ప్రతి గుటకా అంత ఖాళీని వదిలి వెళ్తుంది. శానిటైజ్ చేసిన వైన్ థీఫ్‌తో (నమూనా తీసే పొడవాటి గొట్టం) 60, 70 మిల్లీలీటర్లు తీసి, మట్టాన్ని చిన్న సీసాలోని బీర్‌తో మళ్లీ పూరించండి. బీర్‌ని గది ఉష్ణోగ్రతకి రానిచ్చి తాగండి, చల్లగా ఉంటే లోపాలు దాక్కుంటాయి. గ్యాస్ లేని బీర్ తియ్యగా, బరువుగా అనిపిస్తుంది. కార్బనేషన్ వచ్చాక తేలికపడుతుంది, కాబట్టి "కొంచెం ఎక్కువ తీపి" అనిపిస్తే కంగారుపడకండి.

నాలుగు మాటలు రాసి పెట్టుకోండి: మంట ఎంత, చేదు ఎంత, వగరు ఉందా, వాసన ఎటు వెళ్తోంది. గ్రావిటీ కూడా రెండు నెలలకోసారి చూడండి. నెలల తర్వాత గ్రావిటీ మెల్లగా దిగుతుంటే అడవి ఈస్ట్ గానీ, పిండి పదార్థాల్ని కూడా విరగ్గొట్టే డయాస్టాటికస్ రకం ఈస్ట్ గానీ చేరిందని అనుమానించాలి. పైన తెల్లటి పొర కడితే అదీ అలాంటి సూచనే. 1904లో కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసిన నీల్స్ హెల్టే క్లాసెన్ ఇంగ్లిష్ స్టాక్ బీర్లలో ఇలాంటి ఈస్ట్‌నే గుర్తించి బ్రెట్టనోమైసిస్ అని పేరు పెట్టాడు. ఏళ్ల తరబడి చెక్క పీపాల్లో నిలిచిన ఆ బీర్ల ప్రత్యేక వాసన దాని నుంచే వచ్చేది. కావాలని వేసుకున్నప్పుడు అది అందమే. పిలవకుండా వస్తే మాత్రం గ్రావిటీ పూర్తిగా ఆగేదాకా, అవసరమైతే ఏడాదిదాకా, బాటిల్‌లో నింపకూడదు.

వెనిగర్ పులుపు వస్తే గాలి బాగా చేరిందని అర్థం, ఎసిటిక్ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. అది వెనక్కి రాదు. లేతగా అట్ట వాసన మొదలైతే ఇంకా ఆపి లాభం లేదు, వెంటనే నింపి త్వరగా తాగేయండి. షెర్రీ ఛాయ సన్నగా తగిలితే, ముదురు బీర్‌లో అది మంచి గుర్తే, కానీ ముగింపు దగ్గరపడిందని కూడా గుర్తు.

నాకు నింపడానికి సరైన సమయం ఏదంటే, వరసగా రెండు నెలల రుచుల్లో పెద్ద తేడా కనిపించనప్పుడు. బాటిల్‌లోనూ బీర్ మారుతూనే ఉంటుంది కాబట్టి శిఖరం దాటేదాకా ఆగకండి.

ఓక్, ఇతర రుచులు

ఓక్ ముక్కల్ని చివరి రెండు నెలల్లో వేయండి, మొదట్లో కాదు. 19 లీటర్లకు 30 నుంచి 60 గ్రాముల మీడియం టోస్ట్ క్యూబ్‌లు ఆరు నుంచి ఎనిమిది వారాలు సరిపోతాయి. చిప్స్ ఒకటి రెండు వారాల్లోనే తమ రుచి అంతా దింపేస్తాయి, అందులో పచ్చి చెక్క వగరు కూడా ఉంటుంది, కాబట్టి నేను క్యూబ్‌ల వైపే మొగ్గుతాను. బోర్బన్‌లో రెండు వారాలు నానబెట్టి వేస్తే సూక్ష్మజీవుల భయం తగ్గుతుంది. నానబెట్టిన స్పిరిట్‌ని మొత్తం ఒకేసారి పోసేయకుండా ముందు గ్లాసులో కొలిచి కలిపి రుచి చూడండి. వనిల్లా, కాఫీ, కోకో నిబ్స్ లాంటివి నింపడానికి వారం పది రోజుల ముందు చాలు.

రెండు బ్యాచ్‌లు ఉంటే కలపడం కూడా ఇప్పుడే. మరీ తియ్యగా ఉన్నదానికీ, తీపి మరీ తక్కువగా ఉన్నదానికీ గ్లాసుల్లో రకరకాల పాళ్లు పెట్టి చూసుకోండి. అయితే ఒకదానిలో బతికున్న ఈస్ట్ ఇంకోదాని తీపిని తినడం మొదలుపెట్టవచ్చు. కలిపాక కనీసం మూడు వారాలు ఆగి గ్రావిటీ చూశాకే ముందుకెళ్లండి.

ఏడో మెట్టు: బాటిల్‌లోకి

ఇన్ని నెలలు 10 శాతం ఆల్కహాల్‌లో ఉన్న ఈస్ట్‌లో మిగిలినవి కొద్ది, అవి కూడా నీరసించినవి. వాటినే నమ్ముకుంటే గ్యాస్ రావడానికి నెలలు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. మూడు నెలలు దాటిన ఏ బలమైన బీర్‌కైనా కొత్త ఈస్ట్ వేయండి. సీబీసీ-1 లాంటి బాటిల్ కండిషనింగ్ ఈస్ట్ 19 లీటర్లకు 2 గ్రాములు చాలు. షాంపేన్ ఈస్ట్ ఈసీ-1118 కూడా పనికొస్తుంది. ఇవి రెండూ ఎక్కువ ఆల్కహాల్‌ని తట్టుకుంటాయి. బీర్‌లో మిగిలిన మాల్టోట్రయోస్ షుగర్‌ని సరిగా తినలేవు కాబట్టి గ్రావిటీని కిందికి లాగే ప్రమాదమూ తక్కువ.

పొడిని నేరుగా బీర్‌లో చల్లకండి. 30 నుంచి 35 డిగ్రీల శుభ్రమైన నీళ్లలో పావుగంట నానబెట్టి, ఐదేసి నిమిషాలకోసారి కాస్త కాస్త బీర్ కలుపుతూ అలవాటు చేయండి. ఒక్కసారిగా 10 శాతం ఆల్కహాల్‌లో పడితే చాలా కణాలు అక్కడే చచ్చిపోతాయి.

ప్రైమింగ్ షుగర్ లెక్క. లీటరుకు 4 గ్రాముల మామూలు చక్కెర దాదాపు ఒక వాల్యూమ్ కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. బార్లీవైన్, ఇంపీరియల్ స్టౌట్‌లకు 1.8 నుంచి 2.2 వాల్యూమ్‌లు బాగుంటాయి, బెల్జియన్ రకాలకు 2.5 నుంచి 3. బీర్‌లో ఇప్పటికే ఎంత గ్యాస్ ఉందో చూసి తీసివేయాలి. ఇక్కడ వాడాల్సింది ఈ రోజు సెల్లార్ ఉష్ణోగ్రత కాదు, పులియడం ఆగాక బీర్ చేరిన అత్యధిక ఉష్ణోగ్రత. అది 21 డిగ్రీలైతే మిగిలింది సుమారు 0.8 వాల్యూమ్. 18 లీటర్ల బీర్‌కి 2.2 కావాలంటే ఇంకా 1.4 కావాలి, అంటే 1.4, 4, 18 గుణిస్తే దాదాపు 100 గ్రాములు. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ పొడి) వాడితే 115 గ్రాములు. పావు లీటరు నీళ్లలో మరిగించి, చల్లార్చి, బాట్లింగ్ పాత్ర అడుగున ముందుగా పోసి దాని మీదకి బీర్‌ని నెమ్మదిగా సైఫన్ చేయండి. ఈస్ట్‌ని కూడా అప్పుడే కలపండి, నురగ రాకుండా శుభ్రమైన గరిటెతో రెండు మూడుసార్లు తిప్పండి. కెగ్‌లో గ్యాస్ పెట్టి ఉంచిన బీర్‌కి ఈ లెక్క చెల్లదు. ముందు ప్రెషర్ వదిలేసి, మూడు నాలుగు రోజులు గది ఉష్ణోగ్రతలో అప్పుడప్పుడు గ్యాస్ తీస్తూ ఉంచాకే లెక్క వేయండి.

అడుగుదాకా వెళ్లే బాట్లింగ్ వాండ్‌తో కింది నుంచి నింపండి. మూతకి, బీర్‌కి మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ చాలు. ఆక్సిజన్ పీల్చే మూతలు దొరికితే ఏడాదికి మించి ఉంచబోయే బీర్‌కి వాడండి. సన్నటి బాటిళ్లు, ట్విస్ట్ క్యాప్ బాటిళ్లు వద్దు. 3 వాల్యూమ్‌లు దాటే బీర్‌కి మందపాటి బెల్జియన్ తరహా బాటిల్ తప్పనిసరి.

నింపినవాటిని 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, మూత ఉన్న పెట్టెలో నిలబెట్టి ఉంచండి. మామూలు బీర్‌కి రెండు వారాలు పడితే దీనికి నాలుగు నుంచి ఆరు పడుతుంది. ఒక బాటిల్‌ని ప్లాస్టిక్‌ది వాడితే గట్టిపడటం చేత్తో నొక్కి తెలుసుకోవచ్చు. మూడో వారం చివర ఒకటి తెరిచి చూడండి. గ్యాస్ అసలు లేకపోతే బాటిళ్లను ఒకసారి మెల్లగా తలకిందులు చేసి ఈస్ట్‌ని కదిపి, ఇంకో మూడు వారాలు ఇవ్వండి. మరీ ఎక్కువగా పొంగితే మిగతావన్నీ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటిగా తెరవండి. గ్యాస్ సరిపోయిందని తేలాక 10 నుంచి 13 డిగ్రీల చీకటి చోటికి మార్చి, మూత మీద నింపిన తేదీ, ఓజీ, ఎఫ్‌జీ రాసి, నిలువుగానే ఉంచండి.